పలమనేరు పెంకుటింట్లో చలి పని: ఒక శీతకాలపు ప్రాజెక్టు డైరీ

నవంబరు, రెండో వారం

పలమనేరులోని మా పాత పెంకుటింట్లో అమ్మ పడుకునే గది ఈ చలికాలంలో తెల్లవారుజామున కూడా 18 డిగ్రీల కంటే చల్లబడకుండా చూడాలి. దానికయ్యే ఖర్చు పది వేల రూపాయల దరిదాపుల్లో ఉండాలి, నెలనెలా వచ్చే కరెంటు బిల్లు పెద్దగా పెరగకూడదు. ఈ ప్రాజెక్టు అంతా ఇంతే. 18 అన్న అంకెను నేను ఊహించి పెట్టుకోలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో వెలువరించిన గృహవసతి, ఆరోగ్య మార్గదర్శకాలలో చలికాలంలో ఇంటి లోపల ఉండవలసిన కనీస ఉష్ణోగ్రత అదేనని చెప్పారు. వృద్ధులకు, జబ్బుపడినవారికి అంతకంటే కొంత ఎక్కువే అవసరం కావచ్చని కూడా అన్నారు. అమ్మకు డెబ్బై దాటాయి, చక్కెర వ్యాధి ఉంది.

తిరుపతిలో తోటి ఉద్యోగులకు ఈ సంగతి చెబితే, మన జిల్లాల్లో ఇంటిని వెచ్చబెట్టుకోవడమేమిటని నవ్వారు. తిరుపతి సముద్రమట్టానికి సుమారు 160 మీటర్ల ఎత్తులో ఉంటే, మొగిలి ఘాట్ ఎక్కి చేరుకునే పలమనేరు దాదాపు 680 మీటర్ల ఎత్తులో ఉంది. కిలోమీటరు ఎత్తుకు ఆరున్నర డిగ్రీల చొప్పున చల్లబడుతుందన్న సాధారణ లెక్క ప్రకారం చూసినా ఈ రెండు ఊళ్ళ మధ్య మూడు డిగ్రీలకు పైగా తేడా రావాలి. మేఘాలు లేని పుష్యమాసపు రాత్రుల్లో, బయలు నేల మీద, ఆ తేడా ఇంకా పెరుగుతుంది. వేసవిలో ఈ ఊరి చల్లదనాన్ని మెచ్చుకునే చుట్టాలు డిసెంబరులో వచ్చినప్పుడు రెండో రోజే మూట సర్దుకుంటారు.

కనిష్ఠ, గరిష్ఠ ఉష్ణోగ్రతలను గుర్తుపెట్టుకునే డిజిటల్ థర్మామీటర్లు రెండు కొన్నాను. అవి గాలిలోని తేమను కూడా చూపుతాయి. ఒకటి వసారాలో నీడపట్టున, రెండోది అమ్మ మంచం తలాపున, మంచం ఎత్తులో తగిలించాను. తలుపు మీదనో గోడకు ఎత్తుగానో పెడితే అది చూపే అంకెకూ పడుకున్న మనిషికి తగిలే చలికీ పొంతన ఉండదు.

నవంబరు, చివరి వారం

బంగాళాఖాతంలో వాయుగుండం. ముసురు పట్టి సూర్యుడి జాడ లేదు. వసారాలో ఉదయం 17.4, గదిలో 18.0. అంకెలు బాగానే ఉన్నా అమ్మ మాత్రం రాత్రంతా వణికానని చెప్పింది. ఆ తర్వాత ఆకాశం తేటపడి, వసారాలో 14.2, గదిలో 16.1 నమోదైన రాత్రి, కంబళి కప్పుకుంటే ఫరవాలేదని అంది.

ఈ రెండు రాత్రుల తేడాను అర్థం చేసుకున్నాకే పని మొదలుపెట్టాలని అనుకున్నాను. మన ప్రాంతానికి వచ్చే చలి రెండు రకాలు. కార్తీక, మార్గశిరాల్లో ఈశాన్య రుతుపవనాలతో వచ్చేది గాలి చలి. అది తేమను మోసుకొని సందుల్లోంచి దూరి ఒంటిని నేరుగా తాకుతుంది. థర్మామీటరు దాన్ని సగమే పట్టుకుంటుంది. పుష్యంలో వచ్చేది ఆకాశపు చలి. గాలి దాదాపు కదలదు, కాని మబ్బులేని ఆకాశంలోకి ఇంటి కప్పు రాత్రంతా తన వేడిని వెదజల్లుకొని, చుట్టూ ఉన్న గాలి కంటే కూడా చల్లబడుతుంది. ఆ చల్లటి పెంకులు కింద పడుకున్న మనిషి నుంచి వేడిని లాగుతాయి. మొదటిదానికి మందు సందులు మూయడం, రెండోదానికి మందు కప్పు కింద అడ్డు కట్టడం. మన చలికి మధ్యాహ్నం ఎండ ఎలాగూ ఉంటుంది కాబట్టి, కొత్తగా వేడి పుట్టించడం కంటే పగటి వేడిని తెల్లవారేదాకా పోనివ్వకుండా కాపాడుకోవడమే చౌక అని నా నమ్మకం. ఈ ప్రాజెక్టు దానికి పరీక్ష.

డిసెంబరు, మొదటి వారం

ఇల్లు మంగళూరు పెంకులది. 1865లో బాసెల్ మిషన్ వారు మంగళూరులో మొదలుపెట్టిన ఫ్యాక్టరీ నుంచి వ్యాపించిన ఈ రకం పెంకు పడమటి తీరపు ఉక్కపోతకు, కుండపోత వానకు చక్కగా సరిపోయింది. ఒకదానికొకటి గాడిలో కూర్చుంటాయే కాని అతుక్కోవు; పొయ్యి పొగ, వేడి గాలి వాటి సందుల్లోంచి మెల్లగా బయటికి పోతాయి. ఎండాకాలంలో ఇంత మంచి గుణం చలికాలంలో శత్రువవుతుంది.

గాలి ఎక్కడినుంచి వస్తున్నదో కనిపెట్టడానికి ఖరీదైన పరికరాలేవీ అక్కర్లేదు. ఫ్యాన్ ఆపి, తలుపులు మూసి, సాంబ్రాణి కడ్డీ వెలిగించి, తలుపు అంచుల వెంట, కిటికీ చట్రాల వెంట, గోడకూ కప్పుకూ మధ్య సందు వెంట మెల్లగా నడిపించాను. పొగ నిటారుగా లేచిన చోట ఇబ్బంది లేదు. అది ఒక పక్కకు వాలిన చోటల్లా సుద్దముక్కతో గీత పెట్టాను. గదిలో అన్నిటికంటే పెద్ద సందు తలుపు కింద ఉంది. గడప అరిగిపోయి, చిటికెన వేలు దూరేంత ఖాళీ ఏర్పడింది. ఆ తర్వాతి స్థానం గోడల పైభాగాన వాసాలు కూర్చునే చోటిది. కిటికీల మీద నాకున్న అనుమానం నిజం కాలేదు. పాతకాలపు టేకు రెక్కలు ఇంకా బిగువుగానే ఉన్నాయి.

లెక్క వేస్తే సందుల విలువ తెలుస్తుంది. ఒక ఘనమీటరు గాలిని ఒక డిగ్రీ వేడి చేయడానికి సుమారు 0.33 వాట్-గంటల శక్తి కావాలి. పది అడుగులకు పన్నెండు అడుగుల మా గదిలో, వాలు కప్పుతో కలిపి, దాదాపు 37 ఘనమీటర్ల గాలి ఉంది. గంటకు ఐదు మార్లు ఆ గాలంతా మారిపోతున్నదనుకుంటే, బయటికంటే ఆరు డిగ్రీలు వెచ్చగా ఉంచడానికి గాలి ఒక్కదానికే ఎడతెగకుండా 365 వాట్లు పోయాలి. పడుకున్న మనిషి ఒళ్ళు ఇచ్చే వేడి 70, 80 వాట్లకు మించదు. అదే గంటకు ఒక్క మారే మారితే ఈ ఖర్చు ఐదో వంతుకు పడిపోతుంది.

తలుపు కింద రబ్బరు పట్టీ, పక్కలకు స్పాంజి పట్టీ అంటించాను. వాసాల సందుల్లో ఎర్రమట్టి, ఊక, కొద్దిగా సున్నం కలిపి మెత్తటి ముద్ద చేసి మేస్త్రి కూరాడు. సిమెంటు వాడుదామని అతను అన్నా ఒప్పుకోలేదు. కొయ్య వాసాలు ఎండకు, తేమకు కదులుతాయి. సిమెంటు వాటితోపాటు కదలక పగిలిపోతుంది, మట్టి ముద్ద కొంత సర్దుకుంటుంది, పగిలినా మళ్ళీ మెత్తడం తేలిక.

పని జరుగుతుండగా ఎదురింటి పట్టు రైతు వచ్చి చూసి, "ముందు గాలిని ఆపల్ల సార్, ఆమైన వేడి సంగతి చూడల్ల. మా పురుగులకైనా అంతే" అన్నాడు. ఆయన మాటకు విలువ ఇవ్వాలి. చాకీ పురుగులకు, అంటే పసి పురుగులకు, 27, 28 డిగ్రీల వేడి, ఆపైన ఎదిగిన పురుగులకు 24, 25 డిగ్రీలు నిలపడం ఈ ప్రాంతపు రైతులకు ప్రతి చలికాలమూ తప్పని పని. గదిని వెచ్చబెట్టడం గురించి పలమనేరు, కుప్పం పట్టు రైతులకు తెలిసినంత మన ఇళ్ళు కట్టే మేస్త్రులకు తెలియదు. ఆయన షెడ్డుకు వెళ్ళి చూశాను. కిటికీలకు గోనె పట్టా తెరలు, తలుపు లోపల మరో తెర, ఆ రెంటి మధ్య మనిషి నిలబడేంత చోటు ఉన్నాయి. తలుపు తెరిచినప్పుడల్లా లోపలి గాలంతా బయటపడకుండా ఆ చిన్న చోటు కాపాడుతుంది. అదే పద్ధతిలో అమ్మ గది గుమ్మానికి లోపలివైపు పాత దుప్పటితో, నేలను తాకేలా, ఒక తెర కుట్టించాను. తెర కింది అంచులో ఇసుక గొట్టం పెట్టించడంతో గాలికి లేవడం మానింది.

ఫలితం: వసారాలో 14.0 ఉన్న రాత్రి గదిలో 17.3. ఒక డిగ్రీకి పైగా లాభం. అంతకంటే ముఖ్యంగా, ముసురు రాత్రి కూడా అమ్మకు వణుకు రాలేదు.

డిసెంబరు, మూడో వారం

ఎక్కువ పని, ఎక్కువ ఖర్చు కప్పుకే పట్టాయి.

వాలు కప్పు దూలం దగ్గర పద్నాలుగు అడుగుల ఎత్తుంది. వెచ్చటి గాలి పైకి చేరి, మంచం మీది మనిషికి ఉపయోగపడకుండా పెంకుల సందుల్లోంచి జారిపోతుంది. గోడ ఎత్తున అడ్డంగా ఒక కప్పు వేస్తే మూడు లాభాలు ఉన్నాయి: వేడి నిలపవలసిన గాలి పరిమాణం తగ్గుతుంది, పెంకుల సందులతో సంబంధం తెగుతుంది, చల్లటి పెంకులు మనిషికి నేరుగా ఎదురుపడవు. దేనితో వేయాలన్నదే ప్రశ్న.

పీవీసీ పలకల ధర కొట్టుకు వెళ్ళి అడిగాను. ఒక్క గదికే నా మొత్తం బడ్జెట్టు సరిపోయేలా లేదు. థర్మోకోల్ చౌక, దాని గుణమూ మంచిదే. వేడిని తనగుండా పోనిచ్చే శక్తి థర్మోకోల్‌కు 0.035 ఉంటే ఇటుకకు 0.7 పైన, రాతికి 2.5 నుంచి 3 దాకా ఉంటుంది. కాని నిప్పంటుకుంటే క్షణాల్లో కరిగి మండే సరుకును, పాత వైరింగు పోయే చోట, మనిషి తల మీద పరచడానికి మనసు ఒప్పలేదు. వరిగడ్డి పరిస్తే ఎలుకలు కాపురం పెడతాయి.

చివరికి వేసినది ఇది. గోడల మీద సవక (సరుగుడు) కొయ్యలు అడ్డంగా రెండడుగుల ఎడంతో కూర్చి, వాటి మీద ఈత చాపలు రెండు పొరలుగా పరిచాం. చాపల మీద, రేకుల షెడ్లకు వాడే అల్యూమినియం పూత ఫోం షీటును మెరిసే ముఖం పైకి వచ్చేలా వేశాం. ఆ ముఖానికీ పెంకులకూ మధ్య ఖాళీ ఉంది. అక్కడ ఖాళీ ఉండి తీరాలి. మామూలు ఉపరితలాలు, ఆ ఉష్ణోగ్రత దగ్గర కిరణాలుగా విడవగలిగిన గరిష్ఠ వేడిలో తొంభై శాతం దాకా విడుస్తాయి. అల్యూమినియం ఐదు శాతం మాత్రమే విడుస్తుంది. ఆ గుణం పనిచేయాలంటే ముందు గాలి ఖాళీ కావాలి. షీటును పెంకులకు ఆనించి కొడితే అది వట్టి పలుచటి ఫోం ముక్కే అవుతుంది. చాలా షెడ్లలో అలాగే కొడుతున్నారు, దానికి కొట్టువాళ్ళ సలహా కూడా ఉంటోంది.

ఫోం షీటు కూడా మండేదే కాబట్టి, దాని దగ్గర కరెంటు తీగ ఏదీ పోకుండా వైరింగును గోడ మీదికి దించి, పైపులో వేయించాను. బల్బు గోడకు మారింది. చాపల కొసలను గోడ అంచుల దగ్గర సుతిలి తాడుతో బిగించి, మిగిలిన సందును మళ్ళీ మట్టి ముద్దతో పూడ్చాం. ఒక మూలన మాత్రం మనిషి ఎక్కేంత తలుపు వదిలాం, పెంకులు మార్చవలసి వచ్చినప్పుడు అది లేకపోతే చాపలన్నీ విప్పాలి.

కింద నుంచి చూస్తే ఈత చాపల అల్లిక అందంగానే ఉంది. అమ్మ మాత్రం పడుకొని పైకి చూసి, "పందిట్లో పెండ్లికూతుర్ని పండబెట్టినట్టుంది నాయనా" అంది.

వసారాలో 13.1, గదిలో 18.9.

డిసెంబరు, చివరి రోజులు

పెద్దమ్మ వచ్చి, ఇంత శ్రమ ఎందుకు, రాత్రి ఒక కుంపటిలో బొగ్గులు వేసి మంచం పక్కన పెడితే పోతుందిగా అన్నారు. సందులు మూసిన గదిలో కుంపటి పెట్టడం ప్రాణం మీదికి తెస్తుంది. బొగ్గు పూర్తిగా కాలక విడుదలయ్యే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హీమోగ్లోబిన్ ఆక్సిజన్‌తో కంటే రెండు వందల రెట్లు ఎక్కువ బలంగా దానితో అతుక్కుంటుంది. నిద్రలో ఉన్నవారికి తల నొప్పి కూడా తెలియకముందే స్పృహ పోతుంది. మా పెద్దమ్మ చిన్నప్పుడు కుంపటి పెట్టుకొని క్షేమంగా లేచారంటే, ఆ రోజుల్లో పెంకుల సందులు తెరిచి ఉన్నందువల్లే. ఈ మాట ఆమెకు విడమరిచి చెప్పాను. కుంపటి వసారాలోనే ఉంటుంది, సాయంత్రం పూట అందరూ చుట్టూ కూర్చోవడానికి.

ఎలక్ట్రిక్ హీటర్ సంగతి కూడా ఇక్కడే రాస్తాను. రెండు వేల వాట్ల హీటరు రాత్రి ఎనిమిది గంటలు నడిస్తే 16 యూనిట్లు, నెలకు 480. మా ఇంటి మామూలు వాడకానికి ఇది తోడైతే 400 యూనిట్లు దాటిన శ్లాబులోకి, అంటే యూనిట్‌కు 9.75 రూపాయల ధరలోకి పోతాం. నెలకు నాలుగు వేలు అదనం. పైగా అది తొమ్మిది ఆంపియర్ల దాకా లాగుతుంది. పాత ఇళ్ళలో ఉండే ఆరు ఆంపియర్ల ప్లగ్గుకు తగిలిస్తే సాకెట్టు కరిగిపోతుంది.

గదిని కాకుండా పడకను వెచ్చబెడితే ఖర్చు ఎంత తగ్గుతుందో చూడండి. ఎనభై వాట్ల విద్యుత్ దుప్పటిని పడుకోవడానికి ముందు అరగంట పాటు వేస్తే 0.04 యూనిట్. నెలంతా కలిపి ఒకటింబావు యూనిట్ కూడా కాదు. చక్కెర వ్యాధి ఉన్నవారికి పాదాల్లో స్పర్శ మందగించి, కాలుతున్నా తెలియకపోవచ్చు. అందువల్ల అమ్మ మంచం ఎక్కేముందు ప్లగ్గు పీకేయడం నియమం. వేడినీళ్ళ సంచీ విషయంలోనూ అంతే: తువ్వాలు చుట్టి, పడక వెచ్చబడ్డాక తీసేయాలి, కాళ్ళ దగ్గర వదిలేయకూడదు.

జనవరి, మొదటి వారం

పరుపు. ఇంతకాలం దీన్ని ఎవరూ పట్టించుకోలేదు. అమ్మది నవారు మంచం. మీద కప్పుకున్నది ఎంత మందమైనా కింది నుంచి చలి ఎక్కుతుంది. పరుపులోని దూది ఏళ్ళ తరబడి అణగి, పలకలా గట్టిపడి ఉంది. వెచ్చదనాన్ని ఇచ్చేది దూది పోగుల మధ్య చిక్కుకున్న కదలని గాలి కాబట్టి, అణగిన దూదికి ఆ గుణం ఉండదు. పరుపుల కొట్లో విప్పించి, దూదిని ఏకించి, మళ్ళీ కుట్టించాను. కొత్త పరుపు ధరలో నాలుగో వంతు కూడా కాలేదు. నవారుకూ పరుపుకూ మధ్య ఒక ఈత చాప, దాని మీద కంబళి. మొత్తం ప్రాజెక్టులో పెట్టిన రూపాయికి ఇంత ఫలితం ఇచ్చిన పని మరొకటి లేదు.

నేల బండలది. బండ, గది గాలి ఒకే ఉష్ణోగ్రతలో ఉన్నా బండ మీద కాలు పెడితే జివ్వుమంటుంది, ఎందుకంటే కొయ్య కంటే రాయి వేడిని ఎంతో వేగంగా లాగుతుంది. మంచం నుంచి తలుపు దాకా కొబ్బరిపీచు చాప వేశాను. అంచు తగిలి పడకుండా దాన్ని నేలకు అతికించాను.

జనవరి, సంక్రాంతికి ముందు

గదికి దక్షిణపు కిటికీ ఉంది, దాన్ని ఏళ్ళుగా దుమ్ము వస్తుందని మూసే ఉంచారు. పలమనేరు అక్షాంశం 13 డిగ్రీల పైచిలుకు. డిసెంబరు, జనవరి మధ్యాహ్నాల్లో సూర్యుడు దక్షిణాన 53 నుంచి 59 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. మా చూరు ఆ పక్క పొట్టిది. రెక్కలు తెరిస్తే పది గంటల నుంచి మూడున్నర దాకా ఎండ నేల మీద పడి, పక్క గోడను కూడా కొంత తాకుతుంది. అడుగున్నర మందమున్న రాతి గోడ ఆ వేడిని మెల్లగా పీల్చుకొని, రాత్రి పొద్దుపోయాక గదికి తిరిగి ఇస్తుంది.

వేసవిలో ఇదే కిటికీ కొంప ముంచదా అని తమ్ముడు అడిగాడు. ముంచదు. ఏప్రిల్ చివరి వారంలో సూర్యుడు మనకు సరిగ్గా నడినెత్తిన ఉండి, అక్కడినుంచి ఆగస్టు నడుమ దాకా మధ్యాహ్న వేళ కొంచెం ఉత్తరానికే ఉంటాడు. దక్షిణపు కిటికీకి ఆ నెలల్లో నేరుగా ఎండ తగలదు.

తెరిచి ఉంచితే గాలి దూరుతుంది కనుక, కిటికీ ఊచలకు లోపలివైపు కొయ్య చట్రంలో బిగించిన పారదర్శకమైన పాలికార్బనేట్ పలకను మేకుల మీద వేలాడదీసేలా వడ్రంగితో చేయించాను. పొద్దు వాలకముందే బయటి రెక్కలు మూయాలి. ఆ సమయం దాటితే లోపలికి వచ్చిన వేడి వచ్చిన దారినే పోతుంది. ఇది అమ్మ పనిగా పెట్టుకుంది. గోడ గడియారంలో మూడున్నర కొట్టగానే ఆమె లేవడం చూసి, పనిమనిషి కూడా నేర్చుకుంది.

వసారాలో 12.8, గదిలో 19.6. మబ్బు కమ్మిన రోజు మర్నాడు మాత్రం గదిలో 18.2.

జనవరి, చివరి వారం

కొత్త సమస్య వచ్చింది. ఉదయాల్లో పాలికార్బనేట్ పలక మీద నీటి చుక్కలు. గదిలో తేమ 82 శాతం. 20 డిగ్రీల గాలి ఘనమీటరుకు పదిహేడు గ్రాముల ఆవిరిని మోయగలదు, 15 డిగ్రీల గాలి పదమూడు గ్రాములనే. మనిషి ఊపిరిలోని తేమ వెచ్చటి గాలిలో ఇమిడి ఉండి, చల్లటి ఉపరితలం తగలగానే నీరవుతుంది. ఇలాగే వదిలితే బూజు పడుతుంది, ఆ బూజు దగ్గును పెంచుతుంది. గదిని సీసా బిరడాలా మూయడం సరైన పని కాదని మొదటినుంచీ తెలుసు కాబట్టి, పడమటి గోడ మీది వెంటిలేటరును మూయకుండా ఉంచాను. దాన్ని ఇంకొంచెం తెరిచి, అరచేయి వెడల్పు చేశాను. ఈశాన్యం నుంచి వచ్చే గాలికి అది చాటు. దానితోపాటు, ఉదయం పదిన్నర ప్రాంతంలో బయటి గాలి ఎండి, వెచ్చబడ్డాక, తలుపు, కిటికీ రెండూ పావుగంట బార్లా తెరుస్తున్నారు. గాలి మారుతుంది, గోడల వేడి పోదు. తేమ 68కి దిగింది. రాత్రి ఉష్ణోగ్రతలో అర డిగ్రీ కూడా నష్టం లేదు. తడి బట్టలు గదిలో ఆరేయడం పూర్తిగా మానిపించాను.

ఫిబ్రవరి, రెండో వారం

చలి వెనక్కి తగ్గింది. ఈ సీజనులో గదిలో నమోదైన అతి తక్కువ, కప్పు వేశాక, 18.2. ఖర్చు అనుకున్నదానికంటే వెయ్యి పైచిలుకు ఎక్కువైంది. ఆ అదనం విద్యుత్ దుప్పటిది. కరెంటు బిల్లులో చెప్పుకోదగ్గ తేడా లేదు.

చాపల కప్పును విప్పడం లేదు. మెరిసే ముఖం పైకి ఉంది కాబట్టి, ఏప్రిల్, మే నెలల్లో కాగిన పెంకులు కిందికి పంపే వేడిలో చాలా భాగాన్ని అది వెనక్కి తిప్పాలి. తలుపు తెర, కిటికీ పలక మాత్రం శివరాత్రి దాటాక తీసి, ఉతికి, తుడిచి, అటక మీద పెడతారు. షీటు మీద దుమ్ము పేరుకుంటే మెరుపుతోపాటు దాని గుణమూ పోతుంది కనుక, ఏడాదికోసారి మూల తలుపులోంచి ఎక్కి పొడి గుడ్డతో తుడవాలి. మేస్త్రి వాసాల దగ్గరి మట్టి ముద్దను చూసి వెళ్ళాడు; రెండు చోట్ల సన్నటి బీట తప్ప అంతా నిలిచే ఉంది. వచ్చే కార్తీకానికి ముందు ఆ రెండు చోట్లా మెత్తి, పట్టు రైతు షెడ్డులోలా వంటింటి గుమ్మానికి కూడా ఒక తెర కుట్టించాలి.